విద్యార్థుల లిఖిత పత్రిక

పాఠశాలలో చదువుకొను బాలబాలికలు తామే వ్యాసములు వ్రాసి, తామే ఏర్చి, దిద్ది, చక్కని దస్తూరీతో ప్రతి చేసి, నియమిత దినమున తోటివారికి చదువనిచ్చు సంపుటమునకు లిఖిత పత్రిక యని పేరు. దీనికి అచ్చుయంత్రము వలదు. చందాదారులు వలదు. విశేష ధనము వలదు. కాగితము, సిరా, ఓపిక, ఈ మూడును చాలును. వీనిలో మొదటి రెండును బజారున దొరకును. మూడవదానిని అలవరచుకొనుటయే ఈ పాఠమునందలి ముఖ్య విషయము.

మేడిపల్లి వంటి గ్రామమున తెలుగునకు కొరత యేమి, దానికై పత్రిక యేల, అని కొందరు శంకింపవచ్చును. ఇంట తెలుగు, పొలమున తెలుగు, అంగడిలో తెలుగు. నిజమే. కాని నోటనున్న భాష వేరు, చేతనున్న భాష వేరు. నేటి బాలురలో పెక్కుమంది తక్కిన పాఠములన్నిటిని ఆంగ్లమున చదువుచున్నారు. తెలుగునకు దినమున కొక గంట మాత్రమే మిగులుచున్నది. ఆ గంటలోను పరీక్షకు కావలసిన జవాబులను కంఠస్థము చేయుటయే తరచుగా జరుగుచున్నది.

ఇంకొక విషయము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి యెందరో తండ్రులు జీవనార్థమై గల్ఫు దేశములకు పోయి యున్నారు. పూర్వము వారికి ఇంటినుండి ఉత్తరములు పోవుచుండెను. తల్లి చెప్పుచుండగా బిడ్డ వ్రాయుచుండెను. ఇప్పుడు ఫోనులో మాటలాడుకొనుచున్నారు. దూరమున నున్న తండ్రి కంఠము వినబడుట ఎంతయు సంతోషకరము. అయినను ఉత్తరముతోపాటు, మనసులోని సంగతిని పది పంక్తులలో కూర్చి చెప్పు నేర్పుకూడ ఇంటినుండి వెడలిపోవుచున్నది. పదవ తరగతి చదువు కుమారునిచేత "మా ఊరి చెరువు" అను విషయముపై, పుస్తకము చూడకుండ, ఒక పుట వ్రాయించి చూచిన తల్లిదండ్రులకు మా మాటలోని సత్యము తెలియగలదు.

ఈ నేర్పును తిరిగి తెచ్చుటకు లిఖిత పత్రికకంటె సులభమైన సాధనమును మేమెరుగము. ఇతరులు పత్రికలను నడిపిన తీరును మొదట చూచి, పిదప మనము నడుపవలసిన విధమును విచారింతము.

చీనా విద్యార్థుల పత్రిక

విద్యార్థులు నడిపిన పత్రిక దేశముయొక్క వ్రాతనే మార్చుటకు తోడ్పడిన దృష్టాంతము చీనాలో కలదు. ఆ దేశమున బహుకాలమునుండి గ్రంథములలోని భాష యొకటి, జనులు మాటలాడు భాష మరియొకటిగా నుండెను. గ్రంథభాష నేర్చుటకే యౌవనమంతయు చాలకుండెను. 1917 జనవరిలో హూ షి యను యువకుడు, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున చదువుచున్న కాలముననే, సాహిత్యమును వాడుకభాషలో వ్రాయవలెనని ఒక వ్యాసము ప్రకటించెను. ఆ సంవత్సరమే అతడు స్వదేశమునకు మరలి పెకింగు విశ్వవిద్యాలయమున అధ్యాపకుడయ్యెను.

ఆ విశ్వవిద్యాలయమున చదువుచున్న ఫూ సునియన్, లో జియాలున్, కూ జియేగాంగ్ మొదలగువారు 1918లో ఒక సంఘముగా కూడి, 1919 జనవరి 1వ తేదీన "షిన్‌చావ్" అను మాసపత్రికను వెలువరించిరి. ఆ మాటకు "క్రొత్త కెరటము" అని యర్థము. విమర్శబుద్ధి, శాస్త్రీయమైన ఆలోచన, సంస్కరింపబడిన వ్రాత, ఈ మూడును ఆ పత్రికకు ఆశయములు. పెద్దలును తోడ్పడిరి. ఆచార్యుడు చెన్ దూషియూ విశ్వవిద్యాలయమునుండి ధనసహాయము ఇప్పించెను. గ్రంథాలయాధికారి లీ దాజావ్ గ్రంథాలయమున నొక గది నిచ్చెను. హూ షి సలహాదారుగా నుండెను. కాని వ్రాయుట, ఏరుట, ప్రకటించుట, ఇవన్నియు విద్యార్థులపనియే. పని రెండు శాఖలుగా విభజింపబడెను. ఒక శాఖ వ్యాసములను చూచుకొనెను. రెండవది ముద్రణమును, లెక్కలను, పంపకమును చూచుకొనెను.

మొదటి సంచికకు మరల మరల ముద్రింపవలసినంత గిరాకి కలిగెను. అట్టి పత్రికలవలనను, ఇతర ప్రయత్నములవలనను వాడుకభాషకు గౌరవము హెచ్చి, 1920లో చీనా ప్రభుత్వము ప్రాథమిక పాఠశాలల క్రింది తరగతులలో ఆ భాషనే బోధింపవలెనని ఉత్తరువు చేసెను.

అయినను "షిన్‌చావ్" దీర్ఘకాలము జీవింపలేదు. ఫూ సునియన్ 1919 చివర ఇంగ్లండునకును, లో జియాలున్ 1920లో అమెరికాకును పై చదువులకై పోయిరి. పిదప సంచికలు ఆలస్యము కాజొచ్చెను. మొత్తము పండ్రెండు సంచికలు వెలువడి 1922లో పత్రిక నిలిచిపోయెను. ముఖ్యులు విడిచిపోవువేళకు వారి స్థానమున నిలువదగిన బలము చాలకపోవుటయే ఇందుకు ప్రధాన హేతువు. పెద్దల తోడ్పాటు ఎంతవరకు ఉండవలెనో, పని యెట్లు పంచుకొనవలెనో, తరువాతివారిని ముందే యేల సిద్ధపరచవలెనో ఈ యొక్క పత్రిక చరిత్రయే చెప్పుచున్నది.

మన ప్రాంతమున జరిగినది

మన తెలుగుదేశమునను ఆ 1919వ సంవత్సరముననే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు వాడుకభాష పక్షమున "తెలుగు" అను మాసపత్రికను నడిపిరి. కాని అప్పుడు మన జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములు హైదరాబాదు సంస్థానములో నుండెను. ఇచ్చట వాదము ఏ తెలుగు వ్రాయవలెనని కాదు, తెలుగు వ్రాయుటకు తావెక్కడ అని. జనులలో తెలుగు మాటలాడువారే మిక్కిలి యధికులు. కచేరీలలో ఉర్దూ, పై తరగతులలో ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధన ఉర్దూలోనే జరిగెను. దేశభాషలో ఉన్నతవిద్య గరపవచ్చునని నిరూపించిన కీర్తి ఆ విశ్వవిద్యాలయమునకు చెందును. కాని ఆ దేశభాష మన పల్లెల పిల్లలకు ఇంటిభాష కాదు.

సిరిసిల్ల ప్రాంతమునందలి హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు ఇట్లే ఉర్దూ మాధ్యమమున చదువుకొనిరి. పల్లెలోని జానపదుల పాటలును, హరికథలును వారికి మొదటి తెలుగు బడి. హైదరాబాదునకు చదువునకై పోయినపిదప, 1901లో స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునందలి గ్రంథములు రెండవ బడి. ఆ విద్యార్థియే పిమ్మట ఉస్మానియాలో తెలుగు ఆచార్యుడై, "విశ్వంభర" కావ్యమునకు 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము నందెను. బడిలో చాలినంత దొరకని తెలుగును బడివెలుపల వెదకి నేర్చుకొన్న బాలుడు మన పొరుగు గ్రామమువాడే యని మన పిల్లలు మరువరాదు.

పత్రికలును ఇట్టి కష్టకాలముననే పుట్టినవి. 1922లో ఓరుగల్లు ప్రాంతపు ఇనుగుర్తి యను పల్లెనుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అను సోదరులు "తెనుగు పత్రిక"ను వెలువరించిరి. ఆ సంవత్సరమే నల్లగొండనుండి షబ్నవీసు వేంకట రామ నరసింహారావుగారు "నీలగిరి పత్రిక"ను నడిపిరి. ఇనుగుర్తి మేడిపల్లివలెనే పల్లెటూరు. పత్రిక నడుపుటకు పట్నమే కావలెననువారికి ఆ యూరి పేరే సమాధానము.

1926 మే 10వ తేదీన సురవరము ప్రతాపరెడ్డిగారి "గోలకొండ పత్రిక" హైదరాబాదున ఆరంభమయ్యెను. నైజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని యొకరు వ్రాయగా, ప్రతాపరెడ్డిగారు కోపముతో నాలుగు మాటలు వ్రాసి ఊరకుండలేదు. ఊరూరనుండి కవుల వివరములను, పద్యములను రప్పించి, 354 మంది కవులతో 1934లో "గోలకొండ కవుల సంచిక"ను ప్రకటించిరి. సంపాదకుని ధర్మమేమో దీనివలన గ్రహింపవలెను. ఆక్షేపణమునకు ప్రత్యుత్తరము కేక కాదు, సేకరణము.

ఇల్లు విడిచి దూరదేశములకు పోయిన తెలుగువారును పత్రికను మరువలేదు. 1970లో అమెరికాలోని అట్లాంటానుండి పెమ్మరాజు వేణుగోపాలరావుగారు "తెలుగు భాషా పత్రిక"ను వెలువరించిరి. భాష చుట్టును లేనప్పుడు దానికొరకు పనిచేయవలసియుండునని వారెరిగిరి. భాష చుట్టును ఉన్నప్పుడుకూడ పనిచేయవలసియుండునని మనము ఎరుగవలెను.

అచ్చు, చేతివ్రాత

చీనాలిపిలో ఒక్కొక్క మాటకు లేక మాటలోని భాగమునకు ఒక్కొక్క యక్షరము. కనుక అచ్చుకూటమున వేలకొలది సీసపు టక్షరములు కావలెను. అమెరికను ప్రెస్బిటేరియను మిషను ముద్రణాలయమును 1858 మొదలు చీనాలో చూచిన విలియం గాంబుల్ అనునతడు, బైబిలును మరి 27 గ్రంథములను పరిశీలించి, ఏ యక్షరము ఎన్నిసారులు వచ్చుచున్నదో లెక్కింపించెను. తరచుగా వచ్చు అక్షరములను కంపోజిటరు చేతికందునట్లు నడుమను, అరుదైనవానిని దూరముగను అమర్చెను. దానితో పని ఎంతో తేలికయయ్యెను. ఓపికతో చేసిన లెక్క శ్రమను ఎట్లు తగ్గించునో చూడుడు.

తెలుగులోను గుణింతములు, ఒత్తులు చేరుటచే అక్షరముల కేసు పెద్దదే. సీసపు టక్షరముల కాలమున పల్లెబడికి అచ్చు అందని పండు. నేడట్లు కాదు. 1991లో యూనికోడు సంకేతములలో తెలుగునకు స్థానము దొరకెను. తరువాత క్రమముగా కంప్యూటరులోను ఫోనులోను తెలుగు వ్రాయుట సాధ్యమైనది. అట్లయిన చేతివ్రాత యేల? ఫోను సగము మాట కొట్టగానే మిగిలిన సగమును తానే చూపును. చేతితో వ్రాయువాడు ఏ ఒత్తు ఎక్కడ నుంచవలెనో ప్రతి మాటకును తానే నిశ్చయింపవలెను. అభ్యాసమనగా ఆ నిశ్చయమే. చేతివ్రాత స్థిరపడిన పిదప యంత్రము వాడుకొనుట దోషము కాదు.

నడుపు విధము

సమితి: ఏడుగురు విద్యార్థులు చాలుదురు. ఒకరు సంపాదకులు, ఒకరు ఉపసంపాదకులు, ఇద్దరు లేఖకులు, ఒకరు చిత్రకారులు, ఒకరు కాగితములు, లెక్కలు చూచువారు, ఒకరు తేదీలను జ్ఞాపకము చేయువారు. వీరిలో ఇద్దరైనను ఎనిమిదవ తరగతివారై యుండవలెను. పదవ తరగతివారు వెడలిపోవునప్పటికి పని తెలిసినవారు బడిలో మిగులవలెను గదా.

సేకరణ: "సత్యము", "సమయపాలన" వంటి విషయము లిచ్చినచో పిల్లలు పుస్తకములనుండి ఎత్తి వ్రాయుదురు. వారు కన్నులార చూచినదానిని అడుగుడు. పసుపు కొమ్ములను త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టు విధమును రైతు బిడ్డ మనకంటె బాగుగ చెప్పగలడు. పడుగు, పేక, కండె, నాడె, ఈ మాటల భేదమును సిరిసిల్లలో బంధువులున్న బాలిక చెప్పగలదు. అమ్మమ్మ పాడు బతుకమ్మ పాట, తాత చెప్పు సామెత, పొడుపుకథలు, ఒక లెక్క, ఒక బొమ్మ, ఇవన్నియు పత్రికకు తగినవే. పెకింగు విశ్వవిద్యాలయమువారును 1918లో జానపదగేయములను సేకరింప నారంభించిరి. కూ జియేగాంగ్ తన యింటివారినుండియే పాటలను వ్రాసికొనెను.

ఏరిక: ప్రతి వ్యాసమును మూడు ప్రశ్నలతో పరీక్షింపవలెను. ఇది వ్రాసినవారు తాము చూచినదేనా, తలచినదేనా? చదువువారికి ఇందు తెలియని దొకటియైనను కలదా? ఒక్కసారి చదివిన బోధపడునా? తీసికొనని వ్యాసమును కారణములను రెండు పంక్తులలో వ్రాసి తిరిగి ఇయ్యవలెను. నవ్వి ఇయ్యరాదు. స్నేహితునిదని తీసికొనుట, తగవుపడినవానిదని త్రోసివేయుట సంపాదకునకు తగదు. గ్రామస్థుల నెవరిని గేలిచేయు వ్రాతయు, విచారింపని వదంతియు పత్రికలో చేరరాదు.

దిద్దుట: తప్పు కనబడినచోట సంపాదకుడు పెన్సిలుతో గీత గీయవలెను. దిద్దవలసినవాడు రచయితయే. ల, ళలకును, న, ణలకును, శ, ష, సలకును గల భేదమును, ఒత్తక్షరములను ముఖ్యముగా చూడవలెను. ఉపాధ్యాయుడును ఇంతకుమించి చేయరాదు. ఉపాధ్యాయుడు తిరిగి వ్రాసిన వ్యాసము అందముగా నుండవచ్చును. కాని దాని క్రింద బాలుని పేరుండుట న్యాయము కాదు. ఆ బాలుడును అందువలన ఏమియు నేర్చుకొనడు.

ప్రతి చేయుట: కాగితమునకు ఎడమవైపు రెండు వ్రేళ్ల వెడల్పు విడువవలెను, అచ్చటనే కుట్టు పడును. పుటకు ఇరువది పంక్తులు. నల్ల సిరాతో వ్రాసినచో జిరాక్సు ప్రతులు స్పష్టముగా వచ్చును. ముప్పదిరెండు పుటల సంచికను ఇద్దరు లేఖకులు దినమునకు చెరి రెండు పుటలు వ్రాసినచో ఎనిమిది దినములలో ముగియును. వ్రాసినవారి పేరు, తరగతి తప్పక యుండవలెను. సంచిక చివర రెండు తెల్ల పుటలు విడిచి, చదివినవారిచేత అభిప్రాయములు వ్రాయింపవలెను. తాను వ్రాసినది ఇంకొకడు చదివెనని తెలిసిననాడే పిల్లవాడు రెండవసారి జాగ్రత్తగా వ్రాయును.

తేదీ: వచ్చు సంచిక తేదీని ముందు సంచిక యట్టపైననే వ్రాయవలెను. ఆ తేదీ తప్పరాదు. పదునారు పుటలతో దినమునకు వచ్చిన సంచిక, అరువది పుటలతో నెల దాటి వచ్చిన సంచికకంటె మేలు.

ఏ తెలుగు వ్రాయవలెను?

ఇది తరచుగా వచ్చు ప్రశ్న. మేమీ పాఠమును గ్రంథభాషలో వ్రాయుచున్నాము. ఇది మా కలవాటైన రీతి. పిల్లలు ఇట్లే వ్రాయవలెనని మేము కోరము. వారు తమకు వచ్చిన తెలుగును తప్పులు లేక, స్పష్టముగా వ్రాసిన చాలును. మక్కలు అని వ్రాసిన బాలునిచేత మొక్కజొన్న యనియు, తొవ్వ యని వ్రాసిన బాలికచేత దారి యనియు మార్పించుట తగదు. ఆ మాటలు తప్పులు కావు, తాతముత్తాతల సొత్తు. 1962లో వ్యవసాయ పదములను, 1971లో చేనేత పదములను భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తి పదకోశములుగా ప్రకటించిరి. పండితులు ఊరూర తిరిగి అడిగి వ్రాసికొనిన మాటలు మన పిల్లల నోటనున్నవి. వానిని సిగ్గుపడి దాచుకొనుట యేల? వ్రాతలోని తప్పు వేరు, ఊరి మాట వేరు. ఈ భేదము తెలిసినవాడే మంచి సంపాదకుడు.

తల్లిదండ్రులకు

పరీక్షల కాలమున ఇట్టి పనులచే మార్కులు తగ్గునని మీరు భయపడవచ్చును. ఆ భయమును మేము తేలికగా త్రోసివేయము. అప్పుచేసి పిల్లలను చదివించువారికి మార్కుల విలువ తెలియును. కాని పత్రిక కోరునది వారమునకు రెండు గంటలు మాత్రమే. సంవత్సరమునకు మూడు సంచికలు చాలును. పరీక్షలకు ముందు రెండు నెలలు పని పూర్తిగా ఆపవచ్చును. దానివలన కలుగు లాభమో, చదివినదానిని సొంత మాటలలో చెప్పుట, ఇతరుల వ్రాతను న్యాయముగా తూచుట, ఒప్పుకొన్న పనిని దినమునకు ముగించుట. ఈ మూడును ఏ భాషలో పరీక్ష వ్రాసినను పనికివచ్చును. గల్ఫులో నున్న తండ్రులకు సంచికలోని పుటలను ఫోనులో చిత్రములుగా పంపవచ్చును. బిడ్డ మాట వారు వినుచునే యున్నారు. బిడ్డ వ్రాతనుకూడ చూడనిండు.

అభ్యాసములు

1. మీ యింట నేడు వాడిన పనిముట్లలో పదింటి పేర్లు వ్రాసి, ఒక్కొక్కదాని ఉపయోగమును ఒక వాక్యమున చెప్పుము.

2. మీ అమ్మమ్మగాని నాయనమ్మగాని పాడు పాట నొకదానిని, వారు పలికినది పలికినట్లే వ్రాసికొని రమ్ము. అర్థము తెలియని మాటల క్రింద గీత గీసి, వారినే అడిగి తెలిసికొనుము.

3. "మా ఊరి చెరువు" అను విషయముపై, నీవు చూచినది మాత్రమే, ఇరువది పంక్తులలో వ్రాయుము. పిదప నీ మిత్రునిచేత చదివించి, అతనికి బోధపడని వాక్యములను తిరిగి వ్రాయుము.

4. మీ తరగతిలో సంపాదకునిగా నుండదగినవా రెవరు? స్నేహమును విడిచి, కారణములతో అయిదు వాక్యములు వ్రాయుము.

మూడవ అభ్యాసమును చక్కగా చేసిన బాలబాలికల వ్రాతలే రాబోవు లిఖిత పత్రికకు మొదటి పుటలు కాగలవు. కాగితములు సిద్ధముగా నున్నవి.